నైట్‌క్లబ్‌లో రికార్డయిన జాజ్: ఏ రీఇష్యూ ఎంచుకోవాలి, ఎలా వినాలి

ఏ మ్యూజిక్ యాప్‌లోనైనా జాజ్ పియానిస్ట్ బిల్ ఎవాన్స్ 'వాల్ట్జ్ ఫర్ డెబీ' అని వెతకండి. ఒకే ఆల్బమ్ నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. ఒకదాంట్లో ఆరు ట్రాకులుంటాయి, ఇంకోదాంట్లో పది ఉంటాయి, ఒకదాని పేరు పక్కన 'రీమాస్టర్డ్' అని ఉంటుంది, ఇంకోదానికి అట్ట మీద బొమ్మే వేరు, వీటన్నిటి కింద 'కంప్లీట్' అంటూ మూడు డిస్కుల సెట్ ఒకటి. జాజ్ కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే తికమకపడి, పైన ఏది కనిపిస్తే అది నొక్కేస్తారు. స్టూడియో ఆల్బమ్ అయితే అలా చేసినా పెద్ద నష్టం లేదు గానీ, క్లబ్బులో రికార్డ్ చేసినదాని విషయంలో మాత్రం ఏ రూపంలో వింటున్నారన్నది చాలా తేడా తెస్తుంది.

ఎందుకంటే క్లబ్ రికార్డింగ్ అంటే మొదట ఒక సాయంత్రం, ఆ తర్వాతే ఆల్బమ్. వాళ్లు ఏ ట్యూన్ తర్వాత ఏది వాయించారు, ఎక్కడ ఆగారు, అదే ట్యూన్‌ని రెండు గంటల తర్వాత ఎలా మార్చారు అన్నదంతా టేపులో ఉంటుంది. ఆల్బమ్‌గా వచ్చేసరికి అందులో చాలా భాగం పోతుంది. అందుకే రీఇష్యూ, అంటే పాత ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేసినది, కొనేటప్పుడు సౌండ్ ఎంత బావుంది అని మాత్రమే కాకుండా, ఆ సాయంత్రాన్ని ఎంతవరకు తిరిగి ఇస్తోంది అని చూడండి. నా దృష్టిలో మొదటి లెక్క ఇదే, సౌండ్ రెండోది.

ఒక రోజుని పట్టుకుని చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో సెవెంత్ అవెన్యూ సౌత్ మీద మెట్లు దిగి వెళ్లే విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బు. మాక్స్ గోర్డన్ 1935లో పెట్టాడు, ఇప్పటికీ నడుస్తోంది. చిన్న నేలమాళిగ, గట్టిగా నిండితే 120 మంది పడతారు, గది ఒక చివర వెడల్పుగా ఉండి స్టేజీ వైపు వచ్చేకొద్దీ ఇరుకవుతుంది. ఆ రోజు పియానో మీద బిల్ ఎవాన్స్, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషన్. మధ్యాహ్నం రెండు సెట్లు (విరామానికీ విరామానికీ మధ్య వాయించే విడతలు), రాత్రి మూడు సెట్లు, మొత్తం ఐదు. రివర్‌సైడ్ కంపెనీ తరఫున ఆరిన్ కీప్‌న్యూస్ ప్రొడ్యూసర్, డేవ్ జోన్స్ రికార్డింగ్ ఇంజినీర్. సరిగ్గా 11 రోజుల తర్వాత, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 25 ఏళ్లు.

ఆ చావు వల్ల ఆల్బమ్ స్వరూపమే మారిపోయింది. ముందుగా వచ్చిన 'సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్' లఫారోకి నివాళిగా తయారైంది: అతను రాసిన 'గ్లోరియాస్ స్టెప్'తో మొదలై, అతనే రాసిన 'జేడ్ విజన్స్'తో ముగుస్తుంది, మధ్యలో కూడా బేస్ బాగా వినపడే టేకులే (ఒక ట్యూన్‌ని ఒక్కోసారి వాయించిన రికార్డింగ్‌లు) ఎంచారు. మిగిలినవాటిలోంచి 1962లో 'వాల్ట్జ్ ఫర్ డెబీ' వచ్చింది. రెండూ గొప్ప ఆల్బమ్‌లే, అందులో నాకు అనుమానం లేదు. కానీ రెండూ ఆ ఆదివారాన్ని కత్తిరించి మళ్లీ అతికించినవి. 'వాల్ట్జ్ ఫర్ డెబీ'లో మొదటి ట్రాక్ 'మై ఫూలిష్ హార్ట్' మధ్యాహ్నం మొదటి సెట్‌లోది, దాని వెంటే వచ్చే రెండో ట్రాక్ రాత్రి పొద్దుపోయాక వాయించినది. వినేటప్పుడు మధ్యలో అన్ని గంటలు గడిచాయని అసలు తెలియదు.

ఇక ఎలా వినాలో చూద్దాం. మొదట 'వాల్ట్జ్ ఫర్ డెబీ'ని పాత ఆరు ట్రాకుల వరసలోనే వినండి, బోనస్ ట్రాకుల జోలికి వెళ్లకుండా. పది ట్రాకుల సీడీయో, యాప్‌లో ఉన్న ఆ తరహా వెర్షనో మీ దగ్గరుంటే జాగ్రత్త, కొన్నిట్లో ఒక టేక్ అవగానే వెంటనే అదే ట్యూన్ ఇంకో టేక్ వస్తుంది. ఏడు నిమిషాలు ఒక ట్యూన్ విన్నాక ఊపిరి తీసుకోకుండా మళ్లీ అదే మొదలైతే ఎవరికైనా విసుగొస్తుంది, ఆ విసుగు సంగీతం వల్ల వచ్చిందని అనుకుంటారు. ఆరు ట్రాకులతో ఒక ప్లేలిస్ట్ చేసుకోండి: 'మై ఫూలిష్ హార్ట్', 'వాల్ట్జ్ ఫర్ డెబీ', 'డీటూర్ ఎహెడ్', 'మై రొమాన్స్', 'సమ్ అదర్ టైమ్', 'మైల్‌స్టోన్స్'. రెండేసి టేకులున్నచోట మొదటి ఎల్పీలో (వినైల్ రికార్డులో) వాడినవి ఇవి: 'వాల్ట్జ్ ఫర్ డెబీ' టేక్ 2, 'డీటూర్ ఎహెడ్' టేక్ 2, 'మై రొమాన్స్' టేక్ 1.

వినే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లోకి ఒకసారి వెళ్లండి. షఫుల్ ఆపేయండి. గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ట్రాకుకీ ట్రాకుకీ మధ్య చప్పట్లు తెగిపోతాయి. ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ లాంటివి ఉంటే తీసేయండి, లఫారో బేస్ చాలా ఎత్తు స్వరాల్లో తిరుగుతుంది, కింది శబ్దాన్ని పెంచితే అతని వేళ్లు ఏం చేస్తున్నాయో మసకబారిపోతుంది. హెడ్‌ఫోన్స్ ఖరీదైనవి అక్కర్లేదు, వైర్ ఉన్న మామూలువి చాలు. వీలైతే ఫ్యాన్ ఆపండి. ఈ రికార్డింగ్‌లో సగం విషయం చాలా తక్కువ వాల్యూమ్‌లో జరుగుతుంది, ఫ్యాన్ చప్పుడు సరిగ్గా దాన్నే మింగేస్తుంది.

'మై ఫూలిష్ హార్ట్' ఐదు నిమిషాల లోపే, కాబట్టి దాన్ని వరసగా మూడుసార్లు వినండి. మొదటిసారి పియానో వెంట వెళ్లండి. ఎవాన్స్ ఎక్కడా తొందరపడడు, ఒక్కో కార్డ్ వేసి అది గదిలో కరిగేదాకా ఆగుతాడు. రెండోసారి పియానోని వదిలేసి డ్రమ్స్ మీద మాత్రమే మనసు పెట్టండి. మోషన్ లయ కొట్టడం కన్నా బ్రష్‌లతో, సింబల్స్‌తో ఆ గదిలో గాలిని కదిలిస్తుంటాడు, ఒక్కో సింబల్ దెబ్బ ఎంతసేపు మోగి ఎక్కడ ఆగిందో లెక్కపెట్టొచ్చు. మూడోసారి సంగీతాన్నే వదిలేసి జనాన్ని వినండి. గ్లాసులు తగులుకుంటున్నాయి, ఎవరో మాట్లాడుకుంటున్నారు, ఎక్కడో నవ్వు. అది రికార్డింగ్‌లో లోపం కాదు. పక్క బల్ల దగ్గర వాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటే, వీళ్లు ముగ్గురూ ఒకరినొకరు అంత శ్రద్ధగా వింటున్నారన్నమాట. ఆ చప్పుడు లేకుండా చేస్తే ఈ రికార్డులో నాకు ఇష్టమైనది సగం పోతుంది.

రెండు ఆల్బమ్‌లూ బాగా అలవాటయ్యాక, అంటే ఒక ట్యూన్ అయ్యేసరికి తర్వాత వచ్చేది మీ నోట్లో ఆడుతున్నప్పుడు, అప్పుడు 'కంప్లీట్' సెట్‌కి వెళ్లండి. అంతకు ముందు వద్దు. అమెరికాలో మూడు సీడీలుగా 2005లో వచ్చిన ఈ బాక్స్‌లో ఆ రోజు ఐదు సెట్లూ వాయించిన వరసలోనే ఉన్నాయి, మధ్యలో మాటలతో సహా. ఒకే బిగిన రెండున్నర గంటలు వినక్కర్లేదు, అసలు వినొద్దు కూడా. ఒక సెట్ విని ఆపండి, లేచి టీ తాగండి, వాళ్లకీ మధ్యలో విరామం ఉంది కదా. మధ్యాహ్నం సెట్లు మధ్యాహ్నం, రాత్రి సెట్లు రాత్రి వింటే ఇంకా మంచిది, సెలవు రోజు కుదురుతుంది.

మొదటి సెట్‌లోనే ఒక సంగతి ఎదురవుతుంది. 'గ్లోరియాస్ స్టెప్' మొదటి టేక్ నడుస్తుండగా కరెంటు పోయి రికార్డింగ్ మధ్యలో తెగిపోతుంది, కాసేపటికి మళ్లీ అందుకుంటుంది. అందుకే ఈ టేక్‌ని ఏళ్ల తరబడి ఎవరూ విడుదల చేయలేదు. ఆల్బమ్‌గా చూస్తే పనికిరాని ముక్క. సాయంత్రంగా చూస్తే, ఆ రోజు అలా మొదలైంది మరి, అది లేకపోతే ఎలా? ఆ గండి మీకు చిరాకు పుట్టిస్తే దాటేయండి, కానీ ఒక్కసారైనా వినండి.

అసలు పాఠం మాత్రం 'ఆల్ ఆఫ్ యూ'లో ఉంది. ఆ రోజు దాన్ని మూడుసార్లు వాయించారు, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి రెండుసార్లు. మూడూ వేరే వేరే రోజుల్లో వినండి, ఆ తర్వాత ఒక రోజు మూడూ వరసగా పెట్టుకోండి. ఒకే విద్వాంసుడు ఒకే రాగాన్ని మూడు కచేరీల్లో ఆలాపన చేస్తే ఎలా ఉంటుందో మన సంగీతం వినేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇదీ అలాంటిదే. ట్యూన్ ఒకటే, తాళం ఒకటే, కానీ లఫారో ఎక్కడ పియానోకి ఎదురు వెళ్తున్నాడు, ఎక్కడ లయ పట్టడం మానేసి తన పాట తాను పాడుతున్నాడు, మోషన్ ఎప్పుడు దానికి చోటిస్తున్నాడు అన్నది ప్రతిసారీ మారుతుంది. 'సండే' ఎల్పీలో వాడింది రెండోది. ఎందుకు దాన్నే ఎంచారో మీకు మీరే ఆలోచించండి, మీకు వేరేది నచ్చినా తప్పేం లేదు, నాకైతే మూడోది ఎక్కువ ఇష్టం.

చివరి సెట్ ఆఖర్లో 'జేడ్ విజన్స్'ని వెంటవెంటనే రెండుసార్లు వాయించారు. చాలా నెమ్మదైన ట్యూన్, లఫారో రెండు తీగలు కలిపి మోగిస్తూ నడిపిస్తాడు. ఎల్పీలో ఉన్నది రెండోసారి వాయించినది. ఇక్కడ మాత్రం రెండు టేకులూ ఒకదాని వెంట ఒకటి వినడమే సరైన పద్ధతి, ఎందుకంటే వాళ్లు నిజంగా అలాగే వాయించారు.

ఇప్పుడు కొనే సంగతి. యాప్‌లో వినేవాళ్లు కూడా ఇది చదవండి, ఏ వెర్షన్ ఎవరిది అన్నది అక్కడా ఉపయోగపడుతుంది.

అన్నిటికన్నా ముందు హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలి, ఎందుకంటే సాధారణంగా మాస్టర్ టేప్ (మొదట రికార్డ్ చేసిన అసలు టేప్) కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. రివర్‌సైడ్ 1964లో దివాలా తీసింది, 1972లో దాని రికార్డింగ్‌లు ఫాంటసీ కంపెనీకి వెళ్లాయి, 2004లో ఫాంటసీని కాంకర్డ్ కొనేసింది, ఇప్పుడు పాతవాటిని మళ్లీ తెచ్చే పని కాంకర్డ్‌లోని క్రాఫ్ట్ రికార్డింగ్స్ చూస్తోంది. ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ అనే సిరీస్ పేరు అట్ట మీద కనిపిస్తే అది ఈ వంశంలోదే. ఇలాంటి కంపెనీల నుంచో, వాళ్ల దగ్గర లైసెన్స్ తీసుకున్న కంపెనీల నుంచో వచ్చినదైతే టేప్ దగ్గర మొదలై ఉండే అవకాశం ఎక్కువ.

రెండో రకం ఒకటుంది. యూరప్ చట్టం ప్రకారం 1962 చివరిదాకా విడుదలైన రికార్డింగ్‌లకి హక్కుల గడువు తీరిపోయింది. అందుకని అక్కడ ఎవరైనా ఈ ఆల్బమ్‌లని అచ్చేసి అమ్ముకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అట్ట మెరిసిపోతూ ఉంటుంది, 180 గ్రాముల వినైల్ అని స్టిక్కర్ ఉంటుంది, ధర సగం. కానీ వాళ్ల దగ్గర మాస్టర్ టేప్ ఉండదు కాబట్టి, ఎవరో ఎప్పుడో చేసిన సీడీనో పాత ఎల్పీనో తీసుకుని దానిమీంచి చేస్తారు. వినైల్ కొంటున్నామనుకుని సీడీ నకలు కొన్నట్టవుతుంది. గ్రాములు బరువు గురించి చెబుతాయి తప్ప శబ్దం గురించి కాదు. వెనక అట్ట మీద ఏ టేప్ నుంచి చేశారు, మాస్టరింగ్ (అచ్చుకి ముందు శబ్దాన్ని చివరిసారి సరిచూసే పని) ఎవరు చేశారు అనే రెండు ముక్కలు వెతకండి. మంచి పని చేసినవాళ్లు ఆ రెండూ దాచరు, పెద్ద అక్షరాలతో వేసుకుంటారు. ఏమీ రాయకుండా 'డిజిటల్లీ రీమాస్టర్డ్' అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి.

'కొత్తగా మిక్స్ చేశాం' అనే మాట ఈ కాలం నాటి క్లబ్ రికార్డుల మీద కనిపిస్తే కూడా ఆలోచించండి. 1961లో వాన్‌గార్డ్‌లో రికార్డ్ చేసింది రెండే ట్రాకుల (ఎడమ ఒకటి, కుడి ఒకటి) టేప్ మీద. ముగ్గురి శబ్దం అక్కడికక్కడే కలిసిపోయింది. తర్వాత ఎవరో కూర్చుని బేస్ పెంచి డ్రమ్స్ తగ్గించడానికి విడివిడి ట్రాకులు అసలు లేవు. ఇంజినీర్ చేయగలిగేదల్లా మొత్తం శబ్దానికి మెరుగు పెట్టడం.

ఆ మెరుగు మోతాదు మించిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష చెబుతాను. ట్యూన్ అయిపోయాక వచ్చే చప్పట్లు, ఆ తర్వాతి నిశ్శబ్దం వినండి. పాత టేప్‌కి సన్నగా 'స్స్' అనే హిస్ ఉంటుంది, ఉండాలి. హిస్ పూర్తిగా పోయి గది కూడా చచ్చిపోయినట్టు ఉందంటే నాయిస్ రిడక్షన్ ఎక్కువ వాడారు, దాంతోపాటు సింబల్ తోక కూడా తెగిపోయి ఉంటుంది. ఇంకోటి, నెమ్మదైన ట్యూన్‌లో పియానో ఎంత గట్టిగా ఉందో జోరు ట్యూన్‌లోనూ అంతే గట్టిగా ఉంటే, వాల్యూమ్ అంతా ఒకే మట్టానికి తొక్కేశారని అర్థం. 'మై ఫూలిష్ హార్ట్' తర్వాత వెంటనే 'మైల్‌స్టోన్స్' పెట్టి చూడండి, ఆ రెండింటి మధ్య మీ చెవికి పెద్ద తేడా తెలియాలి.

కొనే ముందు చరిత్ర కూడా కాస్త చూసుకోవడం మంచిది, అట్ట మీద రాసినవన్నీ నిజం కావు. శాక్సోఫోనిస్ట్ కానన్‌బాల్ ఆడర్లీ 'మెర్సీ, మెర్సీ, మెర్సీ!' మీద షికాగోలోని 'ద క్లబ్'లో లైవ్ అని రాశారు, నిజానికి 1966లో హాలీవుడ్‌లో క్యాపిటల్ స్టూడియోలోకి జనాన్ని పిలిచి, తాగడానికి ఏర్పాట్లు చేసి రికార్డ్ చేశారు. సంగీతం అద్భుతం, క్లబ్బు మాత్రం కాదు. పియానిస్ట్ థెలోనియస్ మాంక్, శాక్సోఫోనిస్ట్ జాన్ కోల్ట్రేన్ కలిసి ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించినది 1993లో బ్లూ నోట్ కంపెనీ విడుదల చేసినప్పుడు, తేదీ 1957 అనుకున్నారు, అది 1958 అని తర్వాత తేలింది, పైగా టేప్ వేగం కూడా సరిగ్గా లేక శ్రుతి తేడాగా ఉంది. కోల్ట్రేన్ భార్య నైమా చిన్న టేప్ రికార్డర్ మీద చేసిన రికార్డింగ్ అది. వేగం సరిచేసినది తర్వాత మాంక్ బ్లూ నోట్ బాక్స్ సెట్‌లో వచ్చింది. ఇలాంటివాటిలో పాత సీడీ చవగ్గా దొరికిందని ఎగబడొద్దు, సరిచేసిన తర్వాతి ఎడిషన్ ఏదో కనుక్కుని అదే తీసుకోండి.

కోత పెట్టిన ఆల్బమ్‌లు ఇంకో రకం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1961 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో బ్లాక్‌హాక్ క్లబ్బులో రెండు రాత్రులు వాయించినది ఎల్పీలుగా వచ్చినప్పుడు, కొన్నిచోట్ల హాంక్ మోబ్లీ శాక్సోఫోన్ సోలోలని తీసేశారు. ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై నిమిషాల చిల్లరే పడుతుంది కాబట్టి ఎవరిదో ఒకరిది పోవాలి, పోయింది మోబ్లీది. పాపం, ఏళ్ల తరబడి జనం ఆ రాత్రులకి అతని విలువ తక్కువ కట్టారు. 2003లో నాలుగు సీడీల కంప్లీట్ సెట్ వచ్చాకే అతను ఎంత బాగా వాయించాడో తెలిసింది. మోబ్లీ కోసమైనా ఇది కంప్లీట్ సెట్‌లోనే వినండి, పాత ఎల్పీ వరస అక్కర్లేదు.

అలాగని ప్రతి కంప్లీట్ సెట్టూ కొనేయాలని కాదు. అదే మైల్స్ 1965 డిసెంబర్‌లో షికాగో ప్లగ్డ్ నికెల్ క్లబ్బులో రెండు రాత్రుల్లో ఏడు సెట్లు వాయించాడు, 1995లో మొత్తం బాక్స్‌గా వచ్చింది. అతని బృందంలోని వేన్ షార్టర్, హెర్బీ హాన్‌కాక్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్ పాత ట్యూన్లనే పట్టుకుని ప్రతి సెట్‌లో వాటిని గుర్తుపట్టలేనంతగా మార్చేస్తారు. ఆ ట్యూన్ల అసలు రూపం తెలియకుండా వింటే తల తిరుగుతుంది. ముందు ఒక్క సెట్ తీసుకుని వినండి, అదీ ఆ ట్యూన్ల పాత స్టూడియో రికార్డింగ్‌లు విన్నాకే.

ఎవాన్స్ తర్వాత ఎటు వెళ్లాలంటే, నా సలహా సోనీ రాలిన్స్. అదే వాన్‌గార్డ్, 1957 నవంబర్ 3, అది కూడా ఆదివారమే, రికార్డ్ చేసింది రూడీ వాన్ గెల్డర్. పియానో లేదు, శాక్సోఫోన్, బేస్, డ్రమ్స్ అంతే. మధ్యాహ్నం డొనాల్డ్ బెయిలీ, పీట్ లా రోకా. రాత్రి విల్బర్ వేర్, ఎల్విన్ జోన్స్. డ్రమ్మర్ మారితే ఒకే మనిషి వాయింపు ఎలా మారుతుందో ఒకే రోజులో వినొచ్చు. పాత ఎల్పీలో ఆరే ట్రాకులు, బ్లూ నోట్ 2024లో తెచ్చిన మూడు ఎల్పీల 'కంప్లీట్ మాస్టర్స్'లో మిగతావి కూడా ఉన్నాయి.

దాని తర్వాత కోల్ట్రేన్. 1961 నవంబర్‌లో నాలుగు రాత్రులు, మళ్లీ వాన్‌గార్డే, మళ్లీ వాన్ గెల్డరే, పక్కన ఎరిక్ డాల్ఫీ. మొదటి ఎల్పీలో మూడే ట్రాకులుంటే, 1997లో వచ్చిన బాక్స్‌లో నాలుగు సీడీలు. ఇందులో 'ఇండియా' అనే ట్యూన్ ఒకటి కన్నా ఎక్కువ రాత్రులు వాయించారు, ఇద్దరు బేసిస్టులతో, కొన్ని టేకుల్లో అహ్మద్ అబ్దుల్ మాలిక్ ఊద్ (అరబ్ తీగవాద్యం) కూడా ఉంది. కోల్ట్రేన్ అప్పటికి రవిశంకర్ సంగీతం శ్రద్ధగా వింటున్నాడు. తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవులకి అందులో కింద సాగే శ్రుతి వెంటనే అందుతుంది, కాబట్టి మీకు కోల్ట్రేన్ అంటే భయం ఉంటే ఆ ట్యూన్‌తోనే మొదలుపెట్టండి. అక్కడినుంచి 2023లో వచ్చిన 'ఈవెనింగ్స్ ఎట్ ద విలేజ్ గేట్'కి వెళ్లండి. 1961 ఆగస్టులో వేరే క్లబ్బులో రిచర్డ్ ఆల్డర్‌సన్ అనే ఇంజినీర్ కొత్త సౌండ్ సిస్టమ్‌ని పరీక్షించడానికి ఒకే ఒక్క మైక్ పెట్టి చేసిన టేప్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో దశాబ్దాలు పడుంది. ఒక్క మైక్ కాబట్టి డ్రమ్స్ ముందుకు తోసుకొచ్చి, బేస్ వెనక ఎక్కడో ఉంటుంది. ఇక్కడ సౌండ్ గురించి బెంగపడకుండా వాల్యూమ్ కాస్త పెంచి, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ పట్టుకుని వినండి, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వినపడటం మొదలవుతారు.